రోక్‌ఫోర్ గుహలో నాయిన గొంగడి

ఫ్రాన్సులో టులూజ్ పట్నానికి పోయేటప్పుడు నాయిన సూట్‌కేసులో గొంగడి పెట్టుకున్నడు. "మే నెలల గొంగడెందుకు, బరువు" అని అమ్మ తీసి పక్కన పెడితే మళ్లీ పెట్టిండు. నలభై ఏండ్లు మంద వెంట తిరిగిన మనిషి. భుజం మీద గొంగడి లేకుండ నాయిన పొలిమేర దాటింది నేను చూడలే. ఆ గొంగడి మాకు గొర్రె పాల చీజ్‌కు పేరున్న రోక్‌ఫోర్ అనే ఊరి గుహలో అక్కరకొచ్చింది. బయట చొక్కా తడిసే ఎండ. గుహలోకి పది మెట్లు దిగంగనే పండ్లు కొట్టుకునే చలి. లోపలికి పోయే ముందు అందరూ స్వెటర్లు తొడుక్కుంటుంటే నాయిన గొంగడి కొప్పెర పెట్టుకొని నిలబడ్డడు.

మాది మక్తల్ దిక్కు. కురుమోళ్లం. ఇంటికాడ 110 జీవాలున్నయి, నేను ఊరి గొర్రెల పెంపకందార్ల సంఘానికి సెక్రటరీని. చెల్లె టులూజ్‌లో నౌకరి చేస్తది. పోయిన మేలో నాయినను తీసుకొని పోయి మూడు వారాలు దాని దగ్గర ఉండి వచ్చిన. ప్యారిస్ చూపిస్తా, ఈఫిల్ టవర్ చూపిస్తా అని చెల్లె అంటే, "గొర్లుండే ఊరేదన్న ఉంటే చూపియ్యి బిడ్డా" అన్నడు నాయిన. అట్ల పోయినం. పిల్లల దగ్గరికి ఫ్రాన్స్ పోయే తల్లిదండ్రులు మన దిక్కు ఇప్పుడు మస్తుమంది ఉన్నరు. అందులో జీవాలు కాసిన చేతులున్నోళ్ల కోసం ఇది రాస్తున్న.

ఊరి పూర్తి పేరు రోక్‌ఫోర్-సూర్-సూల్జోన్. దక్షిణ ఫ్రాన్సులో అవేరోన్ జిల్లా. టులూజ్ నుంచి అల్బి, సెంట్ అఫ్రీక్ మీదుగా కారులో రెండు గంటలకు పైనే పట్టింది. సొంత కారో, కిరాయి కారో లేకుంటే ఇబ్బంది పడతరు. అక్కడ 'కమ్యూన్' అంటే మన గ్రామపంచాయతీ లెక్క, మేయర్ మన సర్పంచ్ లెక్క. ఊరి జనాభా 600కు అటూ ఇటూ. మా ఊర్లో రెండు వాడలంత. కొండ పొట్టకు అతుక్కున్నట్టు ఒకటే బజారు, బూడిదరంగు ఇండ్లు. నడిచి చూస్తే పావుగంటలో అయిపోతది. చూడాల్సిందంతా నేల కింద ఉన్నది.

ఊరి వెనక కొంబాలూ అని సున్నపురాయి గుట్ట. ఎన్నడో ఆ గుట్ట అంచు విరిగి కింద పడ్డది. పడ్డ రాళ్ల కుప్ప రెండు కిలోమీటర్ల పొడుగు, 300 మీటర్ల వెడల్పు ఉంటదట. ఆ బండల నడుమ మిగిలిన సందుల్లోనే వీళ్ల గుహలు, అంతస్తులు అంతస్తులుగా కిందికి దిగుతయి. బండల్లోంచి పైదాకా సన్నటి చీలికలున్నయి. వాటిని 'ఫ్లరీన్' అంటరు. బయటి గాలి ఆ చీలికల్లో తడిసి చల్లబడి గుహలోకి వస్తది. అందుకే ఎండకాలమైనా చలికాలమైనా లోపల 8 నుంచి 12 డిగ్రీలే. మిషన్ లేదు, కరెంటు ఫ్రిజ్ లేదు. చీలిక కాడ చెయ్యి పెట్టి చూడమన్నది గైడు. నాయిన అరచెయ్యి పెట్టి చాలాసేపు తియ్యలే. "గుట్ట ఊపిరి తీస్తున్నదిరా" అన్నడు. చెల్లె ఆ మాటను గైడుకు చెప్తే ఆమె నవ్వి, ఇక్కడి పాతోళ్లు కూడా అట్లనే అంటరు అని చెప్పింది.

ఆ గుహల్లో పెట్టి పండించే చీజ్ పేరే రోక్‌ఫోర్. మన పుస్తకాల్లో చీజ్‌ను జున్ను అని రాస్తరు. అది నాకు నచ్చదు. జున్ను అంటే ఈనిన బర్రె ముర్రుపాలతోని ఇంట్లో వండేది, రెండు రోజులుంటే చెడిపోతది. ఇది నెలలు నెలలు ఉండేది. పైగా ఇది గొర్రె పాలతోని చేసింది, బర్రెది కాదు, ఆవుది కాదు. మేం అంత దూరం పోయింది అందుకే.

చేసే తీరు ఇట్ల ఉంటది. లకోన్ అనే జాతి గొర్లు, తెల్లటివి. ఆ చుట్టుపక్కల దొడ్ల నుంచి పాలు వస్తయి. పాలను కాచరు, పచ్చిపాలే. వాటిని విరగ్గొట్టి, ముక్కలు కోసి, అందులో బూజు కలుపుతరు. మనం గోరువెచ్చటి పాలల్లో పెరుగు తోడు వేస్తం కదా, వీళ్లకు బూజే తోడు. ఆ బూజు ఈ గుహలదే, దాని సైన్సు పేరు కూడా ఈ ఊరి పేరే, పెనిసిలియం రోక్‌ఫోర్టి. పూర్వం రై అనే ధాన్యం పిండితోని పెద్ద రొట్టెలు కాల్చి గుహలో పెడితే, రొట్టె నిండ బూజు పట్టేది. దాన్ని ఎండబెట్టి పొడి కొట్టి వాడేటోళ్లు. విరిగిన పాలను అచ్చులో పోసి నీళ్లు కారనిచ్చి, గడ్డకు ఉప్పు రుద్ది, సూదులతోని పొడుస్తరు. ఆ బెజ్జాల్లోంచి గాలి పోయి లోపల నీలం పచ్చ గీతలు లేస్తయి. ఒక్కో గడ్డ రెండున్నర, మూడు కిలోల దాక ఉంటది. ఓక్ చెక్కల బల్లల మీద వరుసగా నిలబెడితే, కనీసం 14 రోజులన్న ఈ గుహగాలిలో ఉండాలె. ఆ తర్వాత తగరం రేకు చుట్టి చల్లటి గదిలోకి మారుస్తరు. మొత్తం మూడు నెలలు నిండకముందు అమ్మొద్దు. వెనకట ఈ గుహల్లో పనంతా ఆడోళ్లదే. వాళ్లను 'కబనియేర్' అనేటోళ్లు. చలిలో, ఆ దీపాల మసక వెలుతురులో గడ్డలు తిప్పుకుంట, గీరుకుంట బతికిన ఆడోళ్ల ఫొటోలు గోడల మీద ఉన్నయి. వాటి ముందర నేను ఎక్కువసేపు నిలబడ్డ. మా నాయనమ్మ ఏకుల దారం వడుకుకుంట కూసున్న తీరు యాదికొచ్చింది.

ఇదంతా మొదలైన కథ ఒకటి చెప్తరు. ఒక కాపరి రొట్టె, విరుగుడు పాలు గుహలో పెట్టి, దూరంగా కనబడ్డ ఆడపిల్ల వెంట పోయిండట. కొన్నాళ్లకు తిరిగొచ్చి చూస్తే బూజు పట్టి ఉన్నదట, ఆకలికి తిన్నడట. కథే కావచ్చు. కాని కథలో కాపరి ఉన్నందుకు నాయిన సంతోషపడ్డడు. "మన బీరప్ప కథ ఒగ్గోళ్లు చెప్పినట్టు వీళ్లు గోడమీద లైట్లేసి చెప్తున్నరు" అన్నడు.

నన్ను పట్టుకున్నది మాత్రం పేరు విషయం. 1411లోనే ఫ్రాన్స్ రాజు ఆరో చార్లెస్ ఈ ఊరోళ్లకు చీజ్ పండించుకునే హక్కు రాసిచ్చిండు. 1666లో టులూజ్ పార్లమెంటు, అంటే ఆనాటి పెద్ద కోర్టు, వేరేచోట చేసినదానికి ఈ పేరు పెట్టి అమ్మితే శిక్ష అన్నది. 1925లో చట్టమే వచ్చింది. ఫ్రాన్సులో పుట్టిన ఊరి పేరుకు చట్టం కాపలా ఇచ్చిన మొదటి చీజ్ ఇదే. కొంబాలూ గుట్ట కింద పండనిది రోక్‌ఫోర్ కాదు. ఊర్లో చిన్నా పెద్దా కలిపి ఏడుగురు తయారీదార్లే ఉన్నరు. మనకూ నారాయణపేట చీరకు భౌగోళిక గుర్తింపు ఉన్నది. కాని పేట పేరు చెప్పి ఎక్కడెక్కడో మరమగ్గం మీద నేసిన చీరలు అమ్ముతుంటే అడిగేటోళ్లు తక్కువ. ఆ 600 మంది ఊరు ఆరు వందల ఏండ్ల నుంచి పేరును కావలి కాస్తున్నది, మంద చుట్టూ కుక్క తిరిగినట్టు. సంఘం పని చేసేటోన్ని కాబట్టి నాకు గుహ కన్నా ఇదే ఎక్కువ మనసులో పడ్డది.

ఇక కొదువలు. మేం పోయిన గుహ చూపించే కార్యక్రమం గంటకు పైన ఉంటది. అందులో చీకట్లో నిలబెట్టి లైట్లు, చప్పుళ్లతోని గుట్ట ఎట్ల కూలిందో చూపించేది ఎక్కువ, చీజ్ దగ్గర ఆపేది తక్కువ. మాట అంతా ఫ్రెంచ్. ఇంగ్లీషులో రాసిన కాగితం ఇస్తరు, చీకట్లో చదవరాదు. చెల్లె చెవిలో చెప్పకుంటే మాకు సగం తెలియకపోవు. మెట్లు చాలా ఉన్నయి, తడి, జారుతయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దోళ్లను తీసుకపోతే చెయ్యి పట్టుకునే మనిషి ఒకరు ఉండాలె. అన్నిటికన్నా పెద్ద కొదువ, మొదటి నుంచి చివరిదాక ఒక్క గొర్రె కనబడదు. గోడ మీద బొమ్మ ఉన్నది, అంగట్ల బొచ్చు బొమ్మలున్నయి, ప్రాణమున్న గొర్రె లేదు. బయటికి రాంగనే నాయిన అడిగిన మొదటి మాట, "గొర్లేయిరా?"

చివర్లో మూడు రకాలు రుచి చూపిచ్చిన్రు, చిన్న ముక్కలు, రొట్టెతోని. నేను ఉన్నదున్నట్టు చెప్తున్న. ముక్కు దగ్గరికి రాంగనే పొట్టేళ్ల దొడ్డి వాసన. నాలుక మీద పెడితే మొదలు ఉప్పు, తర్వాత వెన్న కరిగినట్టు కరుగుతది, వెనక నుంచి ఘాటు వచ్చి ముక్కుదాక పోతది. మూడింట్లో ఒకటి మెత్తగ, తీపి దిక్కున్నది. అది నాకు నచ్చింది. నాయిన ఒక్క ముక్క తిని నీళ్లు తాగిండు. ఏమీ అనలే. 150 గ్రాముల ముక్క నాలుగు యూరోల దరిదాపు పడ్డది, తీసుకున్నం. ఆ రాత్రి ఇంట్లో చెల్లె జొన్న రొట్టెలు చేసింది. పొయ్యి మీది రొట్టె మీద ఆ చీజ్ చిదిమి వేస్తే కరిగి రొట్టెకు పట్టింది, పక్కన పచ్చి ఉల్లిగడ్డ. నాయిన రెండు రొట్టెలు తిన్నడు. అక్కడోళ్లు అక్రోటు పప్పు, తేనె, బేరిపండుతోని తింటరు, అది కూడా మంచి జోడీ. కాని ఆ ఉప్పుకు, ఆ ఘాటుకు మన జొన్న రొట్టె సరిపోయినట్టు నాకైతే వాళ్ల తెల్ల రొట్టె సరిపోలే. ఒక హెచ్చరిక. పాలు విరగ్గొట్టడానికి జీవం కడుపులోంచి తీసిన పదార్థం వాడతరు, కాబట్టి శాకాహారులు ఇది తెలుసుకొని నిర్ణయించుకోవాలె. పచ్చిపాలది కాబట్టి కడుపుతోని ఉన్న ఆడబిడ్డలకు పెట్టొద్దు.

గొర్లేయి అన్న నాయిన మాటకు జవాబు సాయంత్రం దొరికింది. చెల్లె ముందే ఫోన్ చేసి లార్జాక్ పీఠభూమి మీద ఒక రైతు ఇంటికి పాలు పితికేటప్పుడు వస్తమని చెప్పి పెట్టింది. రోక్‌ఫోర్ దాటి పైకెక్కితే లార్జాక్. చెట్టు తక్కువ, రాయి ఎక్కువ, పొట్టి గడ్డి, గాలి. మా గుట్టల మీదికి వచ్చినట్టే అనిపించింది. ఆ రైతుకు 380 గొర్లు. రెండు దిక్కులా ఎత్తు గద్దె, పన్నెండు పన్నెండు గొర్లు వాటంతట అవే వచ్చి మెడలు దాణా తొట్లల్లో పెట్టి నిలబడ్డయి. కిందినుంచి పొదుగుకు రెండు గొట్టాలు తగిలిస్తే పాలు పైపులో పోతున్నయి. ఒక్కోటి రోజుకు లీటరుకు పైన ఇస్తదట. "మన గొర్రె పాలు దాని పిల్లకే సాలవు కదరా" అనుకుంట నాయిన వాటి పొదుగులు చూసిండు.

ఇగ పిల్లల సంగతి. ఈనినంక నెల రోజుల దాక పిల్లలు తల్లి దగ్గర తాగుతయి, తర్వాత విడగొడతరు. చలికాలం నుంచి జూలై దాక పాలన్నీ చీజ్‌కే. మగపిల్లలు కోతకు పోతయి. వాటి మెత్తటి తోళ్లతోనే పక్కనున్న మియో పట్నం చేతిగ్లౌజులకు పేరు తెచ్చుకున్నది. చెల్లె ఇది చెప్తుంటే నాయిన మాట్లాడలే. మాకు మంద అంటే పిల్లలు. తల్లిపాలు తాగి బలిసిన పిల్లే పెబ్బేరు సంతల ధర పలుకుతది, పాలను మేం ముట్టం. వాళ్లకు పాలే పంట. ఏది మంచిదని నేను తేల్చలేను. కాని చూసి రావాల్సిన సంగతి ఇది, గుహలో ఎవరూ చెప్పరు.

తర్వాత జరిగింది నాకు ఆ ప్రయాణమంతటిలో ఇష్టమైనది. నాయినకు ఫ్రెంచ్ రాదు, ఆ రైతుకు తెలుగు రాదు. నాయిన ఒక గొర్రె నడుము మీద చెయ్యేసి ఎముక తడిమి చూసిండు, కండ ఎంత ఉన్నదో. రైతు అది చూసి దగ్గరికొచ్చి అదే గొర్రె దవడ పట్టి, వయసు తెలిసేటట్టు పెదవి ఎత్తి పండ్లు చూపిచ్చిండు. "నాలుగు పండ్లది" అని నాయిన నాలుగు వేళ్లు ఎత్తిండు. రైతు తల ఊపి ఇంకోటి తెచ్చిండు. "ఇది ఆరు." ఇట్ల ఎన్ని చూసిన్రో లెక్కలేదు. ఇద్దరూ మొత్తం దొడ్డి తిరిగిన్రు. మధ్యల చెల్లెను ఒక్కసారి కూడా పిలవలే.

ఆఖరికి రైతు నాయిన గొంగడి పట్టుకొని చూసిండు. ఇది ఏ ఉన్ని, ఎవరు నేసిన్రు అని అడిగిండు. మన నల్లగొర్రె ఉన్ని, ఇంట్ల ఆడోళ్లు వడికింది, గుంట మగ్గం మీద నేసి చింతగింజల గంజి పెట్టింది, వాన నీళ్లు దిగవు అని నేను చెప్పిన, చెల్లె వాళ్ల భాషలో చెప్పింది. ఆయన తన గొర్లను చూపిచ్చిండు. లకోన్ గొర్రెకు వీపు మీద తప్ప బొచ్చే సరిగ ఉండదు, ఆ ఉన్ని కూడా కత్తిరించిన కూలికి సాలదు అన్నడు. "ఈడ గూడ గంతేనా" అన్నడు నాయిన. మా దిక్కు కూడా మాంసం ధర చూసి నెల్లూరు పొట్టేళ్లు కలిపి కలిపి నల్లగొర్రె తగ్గిపోయింది, గొంగడి నేసే ఇండ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. రెండు దేశాల కాపర్లు ఆ ఒక్క గొంగడి అంచు పట్టుకొని చాలాసేపు నిలబడ్డరు.

వాళ్ల ఇంట్లో గోడకు ఒక పాత ఫొటో ఉన్నది, ఈఫిల్ టవర్ కింద గొర్లు. 1971లో లార్జాక్ మిలిటరీ క్యాంపును 3,000 హెక్టార్ల నుంచి 17,000 హెక్టార్లకు పెంచుతమని సర్కారు ప్రకటిస్తే, 103 మంది రైతులు భూమి అమ్మమని మాట రాసుకున్నరు. 1972 అక్టోబర్‌లో గొర్లను ప్యారిస్‌కు తోలుకపోయి టవర్ కింద మేపిన్రు. పదేండ్లు కొట్లాడితే 1981లో మిత్తెరాఁ అధ్యక్షుడైనంక ఆ ఆలోచన రద్దయింది. శ్రీశైలం నీళ్లల్లో ఊళ్లు మునిగిన మన పాలమూరోళ్లకు భూమి కోసం కొట్లాట అంటే ఏందో విప్పి చెప్పే పనిలేదు. నాయిన ఆ ఫొటోను నా ఫోన్‌లో తీయమన్నడు. ఈఫిల్ టవర్ చూడలేదన్న చెల్లె బాధ కూడ అప్పటికి తీరింది.

మరునాడు లా కువెర్త్వారాద్ అనే ఇంకో చిన్న కమ్యూన్‌కు పోయినం, లార్జాక్ మీదనే, రోక్‌ఫోర్ నుంచి గంటలోపు దారి. 12వ శతాబ్దంలో టెంప్లర్లు అనే క్రైస్తవ యోధ సన్యాసులు కట్టిన కోట, 15వ శతాబ్దంలో అట్లాంటి ఇంకో గుంపు హాస్పిటలర్లు కట్టిన ప్రహరీ ఉన్నయి. రాతిగోడల లోపల చక్కటి సందులు, చేతిపని అంగళ్లు, యాత్రికులు ఎక్కువ. కోట గురించి నేను చెప్పేది ఇంతే. మేం ఎక్కువసేపు ఉన్నది గోడ బయట, 'లవోన్' అనే నీటి గుంట దగ్గర. ఆ పీఠభూమి అంతా సున్నపురాయి, పడ్డ వాన పడ్డట్టు కిందికి దిగిపోతది, వాగు లేదు. అందుకే పాతకాలంలో గుండ్రంగ పళ్లెం తీరు గుంత తవ్వి, అడుగుకు బంకమట్టి దట్టించి, పైన రాళ్లు పరిచి జీవాలకు నీళ్లు నిలబెట్టుకున్నరు. ఏ దిక్కు నుంచైనా గొర్రె దిగి తాగి ఎక్కొచ్చు, బురద కాదు, గిట్టలు దిగబడవు. నాయిన మోకాళ్ల మీద కూసొని రాయికి రాయికి నడుమ సందును గోటితోని గీకి చూసిండు. కట్టె తెచ్చుకోలే కాబట్టి కాలి అడుగులతోనే చుట్టూ కొలిచిండు.

పోయేటోళ్లకు నా లెక్క ఇది. గుహ ఒక్కదాన్నే చూసి వస్తే సగం చూసినట్టే. పొద్దున గుహ, మధ్యాహ్నం రొట్టె మూట విప్పుకొని కొండ మీద, సాయంత్రం ఏదైనా రైతు దొడ్డి. ముందే ఫోన్ చేసి అడగండి. మే, జూన్‌లో అయితే గొర్లు మేతకు బయట ఉంటయి, పాలు కూడా పితుకుతుంటరు, జూలై దాటితే పాలు ఆగిపోతయి. గుహకు అయిదుకు మూడున్నర ఇస్త, చీజ్‌కు నాలుగు, ఊరి బజారుకు రెండు. ఆ దొడ్డికి, లవోన్‌కు అయిదుకు అయిదు. ఒళ్లు కప్పుకునేది మందంగ ఒకటి తీసుకపోండి.

తిరిగొచ్చినంక మొన్న మొదటి పెద్ద వానకు మా గుట్ట కింది కుంట నిండింది. చల్క భూమి, తొమ్మిది రోజులకే నీళ్లు ఇంకిపోయినయి, మందను మళ్లీ రెండు మైళ్లు తోలాల్సి వచ్చింది. నాయిన కట్టె పట్టుకొని ఎండిన కుంట చుట్టూ రెండుసార్లు నడిచి, ఎన్ని ట్రాక్టర్ల రాయి పడుతదో, బంకమట్టి చెరువుల నుంచి తెచ్చుకోవాల్నా అని లెక్క చెప్పిండు. నా ఫోన్‌లో లవోన్ ఫొటోలు ఏడు ఉన్నయి. ఆదివారం సంఘం మీటింగ్ ఉన్నది, అవి అందరికీ కనబడేటట్టు పెద్దగ ప్రింటు తీపియ్యమన్నడు.